ఉత్తరములకు దారి వేసిన థామస్ వాగ్‌హార్న్

మన డయోసీసు శతాబ్ది సంచికకు వ్యాసము వ్రాయుమని పెద్దలు కోరినప్పుడు, మిషనెరీల చరిత్రలను అనేకులు వ్రాయుదురు గనుక, వారి ఉత్తరములు వచ్చిన దారిని గూర్చి వ్రాయుట మంచిదని మేము తలంచితిమి. 1805లో విశాఖపట్టణము చేరిన లండన్ మిషన్ వారికి స్వదేశమునుండి జాబు రావలెనన్న, తెరచాప ఓడ ఆఫ్రికా ఖండమంతయు చుట్టి రావలసియుండెను. నాలుగు నుండి ఆరు నెలలు పట్టుచుండెను. తల్లి జబ్బుగా నున్నదను వార్త కుమారునికి చేరునప్పటికి ఆమె సమాధి చేయబడి యుండవచ్చును. ఈ ఆలస్యమును తగ్గించుటకై తన ఆస్తిని, ఆయుస్సును ధారపోసినవాడు థామస్ ఫ్లెచర్ వాగ్‌హార్న్.

ఆయన 1800లో ఇంగ్లండులోని చాతమ్ పట్టణమున జన్మించెను. 12 ఏండ్ల ప్రాయముననే నౌకాదళములో చేరెను. 1817లో ఆ ఉద్యోగము పోగా కలకత్తా వచ్చి, హుగ్లీ నదిలో ఓడలకు దారి చూపు పైలట్ల కొలువులో ప్రవేశించెను. 1824లో ఆరంభమైన బర్మా యుద్ధములోను పని చేసెను. స్టీమర్లు వచ్చిన కొత్త కాలమది. అయితే 1825లో ఎంటర్‌ప్రైజ్ అను స్టీమరు ఆఫ్రికాను చుట్టి కలకత్తా చేరుటకు 113 దినములు పట్టెను. బొగ్గు చాలక కొంత దూరము తెరచాపలతోనే నడిచెను. ఈజిప్టు మీదుగా పోయినచో దూరము ఎంతో తగ్గును గదా అని కొందరు చెప్పుచుండిరి. దానిని పరీక్షించుటకు వాగ్‌హార్న్ సిద్ధపడెను.

1829 అక్టోబరు 28న బొంబాయి గవర్నరుకు చెందిన జాబులతో ఆయన లండన్ విడిచెను. యూరపును దాటి ట్రియెస్టు రేవునకు, అక్కడనుండి అలెగ్జాండ్రియాకు, ఎడారి దాటి సూయజ్‌కు చేరెను. అచ్చట స్టీమరు తనకొరకు ఎదురుచూచునని చెప్పియుండిరి. రేవులో స్టీమరు లేదు. ఆయన వెనుకకు తిరుగలేదు. కప్పు లేని నాటుపడవ నెక్కి, దిక్సూచి గాని పటము గాని లేక, ఆరున్నర దినములు ఎఱ్ఱ సముద్రముపై పయనించి జెద్దా చేరెను. అక్కడ జబ్బుపడెను. వేరొక ఓడ దొరికి బొంబాయి చేరునప్పటికి 1830 మార్చి నెల మూడవ వారము గడచెను. సుమారు అయిదు నెలలు!

విచిత్రమేమనగా, సరిగా ఆ దినములలోనే, మార్చి 20న, బొంబాయినుండి హ్యూ లిండ్సే అను స్టీమరు సూయజ్‌కు బయలుదేరెను. అది 33 దినములలో చేరెను. అందులో సుమారు మూడవ వంతు కాలము బొగ్గు ఎక్కించుకొనుటకే రేవులలో గడచెను. దీనినిబట్టి మనకు తెలియునదేమి? ఆలస్యము దూరములో కంటె అతుకులలో ఎక్కువగా ఉండెను. ఓడ వచ్చునప్పటికి ఒంటె లేదు, ఒంటె వచ్చునప్పటికి ఓడ లేదు, ఓడ ఉన్నను బొగ్గు లేదు. మన పెద్దలు అంచె టపా అనెడివారు. ఒక అంచెలో మనిషి లేనియెడల సంచి అక్కడనే నిలుచును.

ఆ అంచెలను కలుపుటయే వాగ్‌హార్న్ జీవితకాలపు పని ఆయెను. ఈజిప్టు పాలకుడు మహమ్మదాలీ పాషా అనుమతితో ఆయన అక్కడ నివసించెను. అలెగ్జాండ్రియానుండి కాలువలోను, తరువాత నైలు నదిపైనను పడవలు, కైరోనుండి సూయజ్ వరకు 84 మైళ్ల ఎడారిలో బండ్లు, ఒంటెలు, బాటసారులకు బసలు ఏర్పాటు చేసెను. సూయజ్‌లో స్టీమర్లకు కావలసిన బొగ్గు సహితము ఒంటెలపై చేరుచుండెను. 1837లో ప్రభుత్వమును ఈస్టిండియా కంపెనీయును నెలకొక టపాకు ఒప్పుకొనిరి. 1839లో ఏడెన్ ఆంగ్లేయుల వశమై బొగ్గు రేవాయెను.

దారి లాభకరమని తేలగానే పెద్ద కంపెనీలు వచ్చెను. పి. అండ్ ఓ. స్టీమర్లు 1842లో సూయజ్, మద్రాసు, కలకత్తాల మధ్య నడువసాగెను. ఎడారి రవాణా ఇతరుల చేతికి పోయెను. ఆయన కూర్చుండి దుఃఖింపలేదు. యూరపులోని అతుకులను చక్కబరచ బూని, 1845 అక్టోబరు 1న బొంబాయి విడిచిన టపాను ట్రియెస్టు దారిన, గుఱ్ఱపుబండి, రైలు, స్టీమరు ఒకదాని వెంట ఒకటి కుదిర్చి, 31వ తేదీన లండన్ చేర్చెను. కాని ఈ ప్రయోగముల ఖర్చు ఆయనను అప్పులలో ముంచెను. చివరకు పింఛనులు దొరికినను అవి అప్పులవారికే పోయెను. 1850 జనవరి 7న, 50 ఏండ్లు నిండకమునుపే, లండన్‌లో మరణించెను. భార్యకు మిగిలినది పేదరికమే.

ఆయన పిమ్మట 1856లో అలెగ్జాండ్రియానుండి కైరోకు, 1858లో సూయజ్‌కు రైలు వచ్చెను. 1869లో కాలువ తెరువబడెను. కాలువను త్రవ్వించిన లెసెప్స్ దొరగారు వాగ్‌హార్న్ ప్రతిమను సూయజ్‌లో నిలిపిరి. 1888లో చాతమ్ ప్రజలు విగ్రహము కట్టిరి. బ్రదికియున్నప్పుడు అప్పు తీర్చువాడు లేకపోయెను!

1841లో మచిలీపట్టణములో సువార్తపని ఆరంభించిన నోబుల్, ఫాక్స్ దొరగార్ల కాలమునకు ఈ దారి నడుచుచుండెను. తీరమున దిగిన జాబును తరువాత మన టపా బంట్లు కాలినడకను ఊరూరికి మోసిరి. వారి పేర్లు ఏ రిజిస్టరులోను మాకు కనబడలేదు. ఉత్తరము అందుకొనినవాడు వ్రాసినవానిని తలంచును, మోసినవానిని మరచును. ఈ శతాబ్ది దినములలో, మన సంఘములకు పునాది వేసినవారితోకూడ, వారి జాబులు మోసినవారిని సహితము కృతజ్ఞతతో జ్ఞాపకము చేసికొందము.