శ్రీమతి కందుకూరి రాజ్యలక్ష్మమ్మగారి జీవితము

సంఘసంస్కర్తల చరిత్రములు మన భాషలో విరివిగా వెలువడినవి. ఆ సంస్కర్తల గృహములలో అన్నము వండినవారి చరిత్రములు, అర్ధరాత్రమున వచ్చిన శరణాగతులకు తలుపు తీసినవారి చరిత్రములు మాత్రము మిక్కిలి యరుదు. కందుకూరి వీరేశలింగము పంతులుగారి పేరెరుగని యాంధ్రుడు లేడు. ఆయన ధర్మపత్నియగు రాజ్యలక్ష్మమ్మగారి పేరును గూడ ననేకులు విన్నవారే. కాని యామెను పంతులుగారి నీడగా నెరుగుదురే తప్ప స్వయముగా నొక కార్యకర్త్రిగా నెరుగరు. ఈ లోపమును గొంతవరకైన దీర్పవలెనని మేమీ చిన్న చరిత్రమును వ్రాయ బూనితిమి.

రాజమహేంద్రవరమునకు సమీపముననున్న కాతేరు గ్రామమున అద్దూరివారి యింట నీమె జన్మించెను. పుట్టింటివారు పెట్టిన పేరు బాపమ్మ. 1861వ సంవత్సరమున నీమెకు వివాహమయ్యెను. అప్పుడు వరునికి 13 యేండ్లు. వధువునకు పదియేండ్లైనను నిండియుండలేదు. అత్తవారింట బాపమ్మ రాజ్యలక్ష్మి యయ్యెను. ఆడుదానికి ఊరు మారును, ఇంటిపేరు మారును, తుదకు పిలుపు గూడ మారును. ఇదంతయు సహజమేయని యా కాలమువారు తలచిరి. అయితే యీ బాలికకు ఆ యింట కొత్త పేరుతోపాటు అక్షరములును లభించెను. ఆడుది చదివిన వైధవ్యము ప్రాప్తించునని పెద్దలు బెదరించుచున్న దినములలో భర్తయే ఆమెకు చదువు చెప్పెను. 1874లో పంతులుగారు వివేకవర్ధని పత్రికను, ధవళేశ్వరమున బాలికాపాఠశాలను స్థాపించుటకు పూర్వమే స్త్రీవిద్య ఆయన యింట నారంభమై యుండెను.

వితంతువుల పునర్వివాహమును సమ్మతించు 15వ చట్టము 1856లోనే పుట్టినది. మేము న్యాయవాదవృత్తియందున్నవారము గనుక చట్టముయొక్క శక్తియు, అశక్తియు మాకు దెలియును. అది యొక తలుపు గడియ తీయగలదు. ఆ తలుపు దాటి వచ్చినవారికి కూడు పెట్టజాలదు. తెలుగుదేశమున నా తలుపు పాతికయేండ్లు తీసియే యుండెను గాని లోపలికి వచ్చినవారు లేరు. 1881 డిసెంబరు 11వ తేదీ రాత్రి రాజమహేంద్రవరమున గోగులపాటి శ్రీరాములుగారికిని, గౌరమ్మగారికిని పంతులుగారు వివాహము జరిపించిరి. నాలుగు దినములకు రెండవ వివాహమును జరిగెను. కాకినాడ నివాసులగు పైడా రామకృష్ణయ్యగారు ధనసహాయము చేసిరి. విద్యార్థులు కావలి కాచిరి, రక్షకభటులును నిలిచిరి.

ఇంతవరకు పురుషుల చరిత్రము. ఇక ఆ యింటి వంటశాలలోనికి చూతము. బహిష్కారభయముచేత వంటవారు మానుకొనిరి, నీళ్లు తెచ్చువారు మానుకొనిరి, పనివారును రాకపోయిరి. పెండ్లికి వచ్చినవారికి భోజనము లేకున్న మంత్రములు చదివి ప్రయోజనమేమి? రాజ్యలక్ష్మమ్మగారు స్వయముగా గోదావరికి పోయి బిందెలతో నీళ్లు తెచ్చిరి. స్వయముగా వండి వడ్డించిరి. బహిష్కారపత్రిక వచ్చిన పిమ్మట, సంస్కారపక్షమున నిలిచినవారిలో ననేకులు ప్రాయశ్చిత్తము చేసికొని తిరిగి కులములో చేరిరి. వారందరును చదువుకొన్న పురుషులు. ఈమె చేరలేదు.

భర్తను విడిచి రమ్మని బంధువులు ఒత్తిడి చేసినను ఆమె కదలలేదు. ఇక్కడ మనవారు వెంటనే యామెను పతివ్రతయని కొనియాడి తృప్తి నొందుదురు. మాకది చాలినట్లు తోపదు. సీతాసావిత్రీదమయంతుల కథలు వినుచు పెరిగిన మనము, ఆడుది కష్టమున కోర్చినచో నది యెల్ల పతిభక్తియని లెక్కవ్రాయుట కలవాటుపడితిమి. పురుషుడు సాహసించిన ధైర్యమందుము. స్త్రీ సాహసించిన విధేయత యందుము. ఒకే యింట, ఒకే దినమున, ఒకే కార్యమునకై యిద్దరు పాటుపడినప్పుడు రెండు పేర్లేల?

భర్త యాజ్ఞ యనుటకు వీలులేని పనులు సైతము ఆమె చేసెను. మోసపోయి గర్భవతులై, బంధువులచే వెడలగొట్టబడిన వితంతువులాయింటికి వచ్చుచుండిరి. వారికి పురుడు పోయుట, కన్నబిడ్డను సంరక్షించుట, భయముచేత మాటాడలేనివారికి ధైర్యము చెప్పుట ఉపన్యాసకులకు సాధ్యమగు పనులు కావు. పునర్వివాహము కోరి వచ్చిన బాలికలకు తల్లియై సాకినదియు నీమెయే. ఆ దంపతులకు సంతానము లేదు. ఇల్లు మాత్రము బిడ్డలతో నిండియుండెను.

న్యాయము తప్పకుండ నొక మాట చెప్పవలెను. పంతులుగారు 1883లో స్త్రీలకై సతీహితబోధిని యను పత్రికను నడపిరి. అందలి బోధనలు చాలవరకు గృహకృత్యములు, ఆరోగ్యము, మితవ్యయము, పతిసేవ మొదలగువాని చుట్టును దిరుగుచుండెను. చదువుకొన్న స్త్రీ మంచి యిల్లాలగుననియే యా కాలపు వాదము. కాని యా పంతులుగారే సత్యరాజా పూర్వదేశయాత్రలలో స్త్రీలు ప్రభుత్వము చేయుచు, పురుషులింట నణగియుండు దేశమును కల్పించి, మన యాచారములను తలక్రిందులుగా నిలిపి నవ్వించిరి. ఆ నవ్వులో నొక సత్యమున్నది: వంటయిల్లును, ఘోషాయును ఈశ్వరనిర్మితములు కావు, మనుష్యులేర్పరచినవి. గ్రంథకర్త కల్పనలో నంతదూరము పోయెను; బోధనలో సగము దారిలో నిలిచెను. ఆయన యిల్లాలి జీవితమే యా బోధనను మించినది.

1906లో పంతులుగారు హితకారిణీసమాజమును స్థాపించి తమ యాస్తి నంతయు దానికి సమర్పించిరి. సంతానహీనుడగు భర్త సొత్తులో ఆ నాటి హిందూధర్మశాస్త్రము విధవ కిచ్చినది జీవితకాలపు పరిమితమైన హక్కు మాత్రమే. రాజ్యలక్ష్మమ్మగారు ఆ కొంచెపు టాధారమును గూడ వదలుకొని భర్తతో నేకీభవించిరి. దానపత్రమును ప్రశంసించువారు ఈ త్యాగమును గూడ గణింపవలయును. 1910 ఆగష్టు 11వ తేదీన నామె పరమపదించెను. పంతులుగారు 1919 మే 27వ తేదీ వరకు జీవించిరి.

విధవకును, కూతురికిని సంపూర్ణమైన హక్కు 1956లో వచ్చిన వారసత్వచట్టముతో మొదలయ్యెను. ఉమ్మడి యాస్తిలో కూతురికి పుట్టుకతోడి భాగమును 1986లో ఆంధ్రప్రదేశ్ శాసనమును, 2005లో దేశమంతటికిని కేంద్రశాసనమును కల్పించినవి. న్యాయస్థానములలో స్త్రీలు వాదించుచున్నారు, తీర్పులును చెప్పుచున్నారు. అయినను చలనచిత్రములలోను, ప్రకటనలలోను గరిటె పట్టునది స్త్రీయే, రుచి బాగున్నదని మెచ్చుకొనువాడు పురుషుడే. చట్టము మారినంత వేగముగా బొమ్మ మారలేదు.

చదువరులారా! మీ వంశచరిత్రమును వ్రాయునప్పుడు ఉద్యోగములు చేసిన తాతలతోపాటు నీళ్లు మోసిన అవ్వల పేర్లను గూడ, వారి పుట్టింటి పేర్లతో, వ్రాయుడు. మీ కుమారులకు బిందె నెత్తుట నేర్పుడు. మీ కుమార్తెలకు దస్తావేజు చదువుట నేర్పుడు. సర్వేశ్వరుని సన్నిధిని స్త్రీపురుషభేదము లేదని ప్రతి యారాధనదినమున మనము పలుకుచున్నాము. ఆ మాట మందిరమునుండి మన వంటయిండ్లకు నడచివచ్చునట్లు ఆ కరుణామయుడు మనల ననుగ్రహించుగాక.