గ్రియర్సను ఏరిన మచ్చులు

సిద్ధాంతవ్యాసమునకు పూనుకొనిన విద్యార్థి నలుబదిమందిని అడిగితినని సంఖ్య చెప్పును. వారినే ఏల అడిగెనో చెప్పడు. ఈ ప్రశ్న ఒక దేశమంతటి పరిమాణములో ఎదురైనవాడు సర్ జార్జి అబ్రహాం గ్రియర్సను.

ఇతడు 1851లో డబ్లిను సమీపమున జన్మించెను. ట్రినిటీ కళాశాలలో గణితము చదువుచు అట్కిన్‌సను పండితుని వద్ద సంస్కృతము నేర్చెను. 1873లో సివిలు ఉద్యోగియై వంగరాష్ట్రమునకు వచ్చి, బీహారులో కచేరీభాషకును రైతు నోటిమాటకును గల దూరమును గుర్తించెను. అచ్చటి రైతు వాడు వస్తువులకెల్ల పేళ్లు చెప్పు గ్రంథమును 1885లో వెలువరించెను.

1886లో వియన్నాలో కూడిన ప్రాచ్యవిద్వత్సభ భారతీయభాషల సర్వే జరుపుమని ప్రభుత్వమును కోరెను. 1894లో ఆరంభమైన ఆ పనికి 1898లో ఇతడు అధికారి యయ్యెను.

ప్రతి మాండలికమునకును ఇతడు మూడు మచ్చులు కోరెను. మొదటిది బైబిలులోని తప్పిపోయిన కుమారుని కథకు అనువాదము. అంతటను ఒకే కథ యగుటచే పోలిక సుకరము. పురుషత్రయమును, విభక్తులును, క్రియాకాలములును అందు చాలవరకు దొరకును. అయితే అనువాదముపై మూలభాష నీడ పడక మానదు. అందుకే రెండవది స్థానికుల కథయో పాటయో కావలెనని నియమించెను. మూడవది నిర్ణీతమైన పదవాక్యముల పట్టిక. కాంబెల్ దొర పూర్వము కూర్చిన పట్టికయే దీనికి ఆధారము.

ఇందలి లోపము స్పష్టమే. మచ్చులు జిల్లా అధికారుల ద్వారా వచ్చినవి. పలికినవాని వయస్సు, చదువు తరచుగా తెలియవు. ఇతడు ఏరినది మాండలికములను, వక్తలను కాదు. భాషల వర్గీకరణమే లక్ష్యముగాన అది చాలెను. ఒక రూపమును నూటికెందరు వాడుదురని అడిగినచో ఈ సంపుటములు బదులీయలేవు. లక్ష్యము చెప్పని విద్యార్థి పద్ధతిని సమర్థింపజాలకుండుట ఇందువలననే.

మదరాసు రాజధానియు, హైదరాబాదు, మైసూరు సంస్థానములును సర్వే పరిధిలోనికి రాలేదు. స్టెన్ కోనో సిద్ధపరచగా 1906లో వెలువడిన నాలుగవ సంపుటములో తెలుగునకు చోటున్నది. కాని అందలి మాండలికములు వడరి, కామాఠి, దాసరి, సాలెవారి, గోలరి మున్నగునవి: బొంబాయి రాజధానిలోను, మధ్యపరగణాలలోను స్థిరపడినవారి పలుకులు. తెలుగుదేశపు నడిగడ్డ విడిచి వలసపోయినవారి తెలుగు నమోదగుట విచిత్రమే; ఇప్పుడు పొరుగురాష్ట్రపు తెలుగును పరిశీలించువారికి అదియే పెన్నిధి.

1903 మొదలు 1928 వరకు పదునొకండు సంపుటములు, పందొమ్మిది భాగములుగా వెలువడెను; 179 భాషలు, 544 మాండలికములు వానిలో లెక్కకు వచ్చెను. వీనిలో అధికభాగమును గ్రియర్సను ఇంగ్లండునందలి కాంబర్లీలో నివసించుచు పూర్తిచేసెను. 1941లో అచ్చటనే మరణించెను.