అండమాను దుర్వార్తయు నార్త్‌బ్రూకు ప్రభువును

1872వ సంవత్సరము ఫిబ్రవరి 8వ తేదీ సాయంకాలము. అండమాను దీవులలో పోర్టు బ్లెయిరునకు ఎదుటనున్న హారియట్ కొండపై సూర్యాస్తమయమును తిలకించి, భారతదేశపు వైస్రాయి మేయో ప్రభువు దిగివచ్చుచుండెను. చీకటి పడెను. హోప్ టౌన్ రేవుకట్టమీద దివిటీల వెలుగులో ఆయన పడవవైపు నడచుచుండగా, షేర్ అలీ అను అఫ్రీదీ పఠాను వెనుకనుండి దూకి రెండు పోట్లు పొడిచెను. ప్రభువు సతీమణి రేవులో నిలిచియున్న గ్లాస్గో అను నౌకయందు భర్త రాకకై ఎదురు చూచుచుండెను. ఆ నౌకకు చేరినది ప్రాణములేని దేహము.

షేర్ అలీ ఒకప్పుడు పెషావరులో ఆంగ్లేయుల కొలువులో పనిచేసినవాడే. వంశవైరముచేత బంధువును చంపి, ఉరిశిక్ష తప్పి ద్వీపాంతరవాసము పొందెను. మార్చి 11న వైపర్ దీవిలో వానిని ఉరి తీసిరి. నేడు ఆ కొండను మౌంట్ మణిపూర్ అనుచున్నారు. 2024లో పోర్టు బ్లెయిరునకును శ్రీ విజయపురమను పేరు వచ్చినది.

ఇంతటి భయంకర మరణముచేత ఖాళీయైన పీఠమునకు మద్రాసు గవర్నరు నేపియర్ ప్రభువు కొన్ని వారములు తాత్కాలికముగా కూర్చుండెను. పిమ్మట ప్రధానమంత్రి గ్లాడ్‌స్టన్ ఎన్నుకొనినది థామస్ జార్జి బేరింగ్ అను నార్త్‌బ్రూకు ప్రభువును. ఆయన వాక్చాతుర్యము గలవాడు కాడు. జనసమూహములను ఊపివేయు నాయకుడును కాడు. లెక్కలు చూచుట, కాగితములు శ్రద్ధగా చదువుట, ఆలోచించి నిశ్చయించుట ఆయనకు అలవడిన గుణములు.

ఆయన 1826 జనవరి 22న జన్మించెను. బేరింగులు లండనులో పేరుమోసిన బ్యాంకు వర్తకులు. తండ్రి ఆర్థికమంత్రిగా పనిచేసినవాడు. ఆక్స్‌ఫర్డులో విద్య ముగించి, 1857లో లిబరల్ పక్షమున పార్లమెంటు సభ్యుడై, వరుసగా నౌకాదళ శాఖ, ఇండియా శాఖ, హోం శాఖ, యుద్ధ శాఖలలో ఉపమంత్రిగా పనిచేసెను. ధనమిచ్చి సైన్యములో అధికారి పదవులను కొనుక్కొను దురాచారమును కార్డ్‌వెల్ మాన్పించినప్పుడు, ప్రభువుల సభలో ఆ పక్షమున నిలిచి వాదించిన భారము ఈయనది.

ఇంటిలో మాత్రము దుఃఖము మీద దుఃఖము. 1867లో భార్య గతించెను. 1870 సెప్టెంబరులో కెప్టెన్ అను యుద్ధనౌక స్పెయిను తీరమునకు సమీపమున తుపానులో బోల్తాపడినప్పుడు, మునిగిపోయిన నాలుగువందల డెబ్బదిమందికి పైగా నావికులలో ఆయన రెండవ కుమారుడు ఆర్థరు ఒకడు. ఇది జరిగి రెండేండ్లు నిండకముందే, హంతకుని చేత హతుడైనవాని పీఠము నెక్కుటకు ఆయన కుమార్తెను వెంటబెట్టుకొని కలకత్తాకు వచ్చెను. మే 3న అధికారము స్వీకరించెను.

దేశము అప్పటికే పన్నుల భారముచే విసిగియుండెను. ఆయన క్రొత్త చట్టములకు తొందరపడలేదు. ఆదాయపు పన్నును 1873లో ఎత్తివేసెను. ఆ కాలముననే అండమాను నికోబారు దీవులు ఒక చీఫ్ కమీషనరు పాలన క్రిందికి వచ్చెను. 1874లో సర్ హెన్రీ నార్మన్ పోర్టు బ్లెయిరునకు వెళ్లి ఖైదీల స్థితిగతులను విచారించి నివేదిక సమర్పించెను.

అసలు పరీక్ష 1873 శరత్కాలమున వచ్చెను. బీహారులోను, ఉత్తర బెంగాలులోను వానలు ముందుగానే ఆగిపోయి వరిపంట ఎండిపోయెను. ఏడేండ్ల క్రిందట ఒరిస్సాలో ఏమి జరిగినదో ఎవరును మరువలేదు. వర్తకమే అన్నము తెచ్చునని అధికారులు చేతులు కట్టుకొని కూర్చుండగా, సుమారు పది లక్షలమంది అక్కడ ఆకలితో మాడిపోయిరి. మన గంజాం జిల్లాయు ఆ కరవు వాత పడినదే. ఐగుప్తులో యోసేపునకు ఏడు సమృద్ధి సంవత్సరములు చేతిలో నుండెను; నార్త్‌బ్రూకునకు కొన్ని వారములు మాత్రమే యుండెను.

ఆయన ప్రభుత్వపు సొమ్ముతో బర్మానుండి బియ్యము కొనిపించెను. ఒక్క పడవెడు కాదు, సుమారు 4,80,000 టన్నులు. రేవులనుండి రైళ్లమీద, రైలు లేనిచోట ఎడ్లబండ్లమీద పల్లెలకు తరలించిరి. పనిచేయగలవారికి రోడ్లు, చెరువుల పనులు కల్పించిరి. చేయలేనివారికి ఉచితముగా గింజలు పెట్టిరి. ఈ పనికంతకు పెద్దగా నిలిచినవాడు సర్ రిచర్డ్ టెంపుల్. 1874 వేసవిలో ఇతర ప్రభువులవలె సిమ్లా చలువకు పోక, వైస్రాయి కలకత్తాలోనే ఉండి పనులు చూచుకొనెను.

ఆయన చేసినదంతయు సరియని చెప్పలేము. దేశమునుండి బియ్యపు ఎగుమతిని ఆపవలెనని బెంగాలు లెఫ్టినెంటు గవర్నరు జార్జి క్యాంప్‌బెల్ గట్టిగా కోరినను ఆయన అంగీకరింపలేదు. స్వేచ్ఛావర్తకము లిబరలులకు వేదవాక్యము వంటిది. ఒక రేవున బియ్యము దిగుచుండగా వేరొక ఓడలో బియ్యము ఎక్కుచుండుట చూచి జనులు విస్తుపోయిరి. ఐనను ఆకలిచావులు మిక్కిలి స్వల్పము. ఆ శతాబ్దపు కరవులలో ఇట్టిది అరుదు.

దీనికి ఆయన పొందిన ప్రతిఫలమేమి? వ్యయము అరువది లక్షల పౌనులు దాటెను. మిగిలిపోయిన లక్ష టన్నుల బియ్యమును నష్టమునకు అమ్మవలసివచ్చెను. చావులు లేవు గనుక కరవే లేదనియు, సొమ్ము వృథా చేసిరనియు లండనులోని విమర్శకులు దెప్పిరి. ఈ నింద టెంపుల్ మనస్సులో లోతుగా నాటుకొనెను. 1876లో దక్షిణ దేశమున వానలు తప్పినప్పుడు, అప్పటి వైస్రాయి లిట్టన్ ప్రభువు పంపగా వచ్చినవాడు ఈ టెంపులే. ఈసారి ఆయన దినమంతయు చెమటోడ్చు కూలివానికి ఒక పౌను గింజలు, వాటిమీద చిల్లర కాసులు చాలునని నిర్ణయించెను. బళ్లారి, కర్నూలు, కడప సీమలలో పెద్దలు ధాత కరవని తలచుకొని వణకినది ఆ సంవత్సరములనే. మద్రాసు రాజధానిలో లక్షలమంది మరణించిరి. ఒంగోలులో మిషనరీ క్లౌ దొరగారు బకింగ్‌హాం కాలువ త్రవ్వకమును గుత్తకు తీసికొని వేలమందికి కూడు పెట్టినదియు అప్పుడే. బీహారులో బ్రదికినవారి లెక్క తెలుగునాట చచ్చినవారి లెక్కతో కలిసియున్నదన్నమాట.

బరోడా వ్యవహారమున ఆయనకు అంత మంచిపేరు రాలేదు. రెసిడెంటు కర్నల్ ఫేర్‌కు విషము పెట్టించెనన్న ఆరోపణమీద మల్హారరావు గైక్వాడును 1875లో విచారించుటకు ముగ్గురు ఆంగ్లేయులు, ముగ్గురు భారతీయులు కూర్చుండిరి. తీర్పు రెండుగా చీలెను. దుష్పరిపాలన కారణము చెప్పి ప్రభుత్వము ఆయనను పదవినుండి తొలగించెను. న్యాయస్థానములో తేలనిదానిని అధికారముతో తేల్చిరని పత్రికలు ఆక్షేపించెను. ఐతే ఆ సంస్థానమును ఆంగ్లరాజ్యములో కలుపుకొనక, బాలుడైన సాయాజీరావును గద్దెనెక్కించి టి. మాధవరావును దివానుగా నియమించుట మెచ్చదగినది.

ఇంతలో ఇంగ్లండున డిజ్రేలీ ప్రభుత్వము వచ్చెను. ఇండియా మంత్రి సాలిస్‌బరీ రెండు కోరికలు పెట్టెను. మాంచెస్టరు మిల్లుల లాభమునకై విదేశీ నూలుబట్టలమీద సుంకము తీసివేయవలెను. కాబూలు అమీరు తన దేశములో ఆంగ్లేయ ప్రతినిధిని ఉంచుకొనునట్లు ఒత్తిడి చేయవలెను. ఆ అమీరు పేరును షేర్ అలీయే! భారతదేశపు ఆదాయమును మాంచెస్టరునకు ధారపోయుటకు నార్త్‌బ్రూకు ఒప్పుకొనలేదు. ఇష్టములేని రాజు గుమ్మమున బలవంతముగా నిలుచుటకును ఒప్పుకొనలేదు. పదవీకాలము ముగియకముందే రాజీనామా చేసి, 1876 ఏప్రిలులో ఓడ ఎక్కెను.

రెండేండ్లలో ఆఫ్గను యుద్ధము వచ్చెను. కాబూలులో నుంచిన ఆంగ్లేయ ప్రతినిధి కవన్యారీని 1879లో పరివారముతో కూడ చంపిరి. ఆ యుద్ధమున కాందహారు సేనను నడిపిన డొనాల్డ్ స్టూవర్టు ఎవరనగా, మేయో హతుడైనప్పుడు పోర్టు బ్లెయిరునకు అధిపతిగా నుండిన వాడే.

స్వదేశమున నార్త్‌బ్రూకు 1880 మొదలు 1885 వరకు నౌకాదళ మంత్రిగా నుండెను. 1884లో గోర్డను సేనానిని ఖార్టూమునకు పంప నిశ్చయించిన నలుగురు మంత్రులలో ఆయన ఒకడు. మరుసటి జనవరిలో గోర్డను అక్కడ హతుడయ్యెను. ఆ నిందలో ఆయనకును పాలున్నది. 1886లో ఐర్లండు స్వపరిపాలన విషయమై గ్లాడ్‌స్టనుతో ఏకీభవింపలేక, జీవితమంతయు సేవించిన నాయకుని విడిచిపెట్టెను. తరువాత మంత్రిపదవి కోరలేదు. హాంప్‌షైరు జిల్లా వ్యవహారములు చూచుకొనుచు, 1904 నవంబరు 15న స్ట్రాటన్‌లోని స్వగృహమున కన్నుమూసెను.