పండిత రమాబాయి

పందొమ్మిదవ శతాబ్దపు తొలి దినములలో మన దేశమున స్త్రీలు అక్షరములు నేర్చుట అరుదు. సంస్కృతము నేర్చుట మఱింత అరుదు. ఆ కాలమున మంగుళూరు సీమకు చెందిన అనంతశాస్త్రి డోంగ్రే అను బ్రాహ్మణ యువకుడు పూనా నగరమునకు పోయి రామచంద్రశాస్త్రియను పండితుని యొద్ద విద్యాభ్యాసము చేయుచుండెను. ఆ గురువు పీష్వా రెండవ బాజీరావు అంతఃపురమునకు పోయి రాణికి సంస్కృతము చెప్పెడివాడు. రాణి శ్లోకములను తడబడక చదువుచుండగా శిష్యుడు విని ఆశ్చర్యపడెను. తన భార్యకును ఈ విద్య నేర్పవలెనని అప్పుడే నిశ్చయించుకొనెను.

ఆ నిశ్చయము నెరవేఱుటకు చాలకాలము పట్టెను. మొదటి భార్యకు చదువుపై మనసు లేదు; ఇంటి పెద్దలకు అది బొత్తిగా కిట్టలేదు. ఆమె గతించిన పిమ్మట, 44 ఏండ్ల ప్రాయమున, శాస్త్రిగారు గోదావరీ తీరమున యాత్రకు వచ్చిన ఒక గృహస్థుని కుమార్తెను వివాహమాడిరి. ఆమె పేరు లక్ష్మీబాయి, వయస్సు తొమ్మిదేండ్లు. నేటివారికి ఆ వివాహము దోషముగా తోచును. ఆనాటివారికి అది సామాన్యము. ఆనాటివారు సహింపలేకపోయినది వివాహమును గాదు, ఆ బాలికకు ఆయన సంస్కృతము నేర్పుటను. బంధువులు నిందించిరి, కులము వారు వెలి వేయుదుమని బెదరించిరి. తుదకు ఉడిపిలో పండితుల సభ యెదుట ఆయన సంజాయిషీ చెప్పుకొనవలసి వచ్చెను. శాస్త్రిగారు జంకలేదు. వేదము తప్ప తక్కిన వాఙ్మయమును స్త్రీలు చదువుటకు శాస్త్రములలో నిషేధము లేదని గ్రంథముల నుండి ప్రమాణములు చూపి వాదించిరి. సభవారు ఆయనను వెలివేయజాలకపోయిరి. తన ఇంట తన భార్యకు చదువు చెప్పుకొనుటకు ఒక మనుష్యుడు అంత పోరాడవలసి వచ్చెను!

ఊరిలో శాంతి కఱవై, శాస్త్రిగారు భార్యతో పశ్చిమ కనుమలలోని గంగామూలమను అరణ్యస్థలమునకు పోయిరి. నిలువ నీడలేని మొదటిరాత్రి చేరువలో పులి అఱచుచుండగా, ఆ చిన్నది బొంతలో ముడుచుకొని వణకుచుండెను. భర్త తెల్లవాఱువఱకు కావలి యుండెను. ఆ యడవిలోనే కుటీరము వెలసెను, శిష్యులు చేరిరి, లక్ష్మీబాయి విదుషీమణి యయ్యెను. అచ్చటనే 1858 ఏప్రిల్ 23వ తేదీన రమాబాయి జన్మించెను.

శిష్యులకును అతిథులకును అన్నము పెట్టి పెట్టి ఆస్తి హరించుటచే ఆ కుటుంబము ఇల్లు విడిచెను. ఆఱు నెలల శిశువైన రమాబాయి బుట్టలో పడుకొని కొండ దిగెను. ఆనాటినుండి తీర్థయాత్రలే వారి జీవితము, పురాణపఠనమే జీవనము. ఆమెకు ఎనిమిదవయేట చదువు మొదలయ్యెను. తండ్రి వృద్ధుడై చూపు మందగించినందున తల్లియే గురువయ్యెను. పగలంతయు పనులతో తీఱిక లేదు గనుక, లక్ష్మీబాయి తెల్లవాఱకముందే బిడ్డను బుజ్జగించి లేపి, ఒడిలో కూర్చుండబెట్టుకొని పాఠము చెప్పెడిది. పలకలేదు, పుస్తకము లేదు. తల్లి నోటి మాటయే పుస్తకము. ఇట్లు పండ్రెండేండ్లు నిండునప్పటికి భాగవత శ్లోకములు పదునెనిమిది వేలు ఆ బాలికకు కంఠస్థము లయ్యెను. పెద్ద కుమార్తె బాల్యవివాహము వికటించుట చూచిన శాస్త్రిగారు రమాబాయికి చిన్ననాట పెండ్లి చేయ నొల్లలేదు.

అయితే ఆ ఇంటి చదువులో ఒక లోటు కలదు. కూడు పెట్టు పని యేదియు శాస్త్రిగారు బిడ్డలకు నేర్పలేదు. లౌకిక విద్యల జోలికి పోనీయలేదు. 1874 ప్రాంతమున మద్రాసు రాజధానిలో కఱవు వచ్చినప్పుడు ఆ లోటు బయటపడెను. వారికి కూలి చేయుట తెలియదు, బిచ్చమెత్తుటకు నోరు రాదు. తిరుపతి అడవులలో ఆకులు, నీరు, ఈతపండ్లతో పదునొకండు దినములు గడపిరి. శాస్త్రిగారు మరణించిరి, కొలదికాలమునకు లక్ష్మీబాయియు మరణించెను. పాడె మోయుటకు మనుష్యులు చాలక రమాబాయి నాలుగవ బోయీ యయ్యెను. పొట్టిది యగుటచే భుజము అందక పాడెను తలపై మోసెను. తరువాత అక్కయు పోయెను.

మిగిలిన అన్న శ్రీనివాసశాస్త్రితో ఆమె కాలినడకను దేశము తిరుగుచు 1878లో కలకత్తా చేరెను. అచ్చటి పండితులు ఆమెను సంస్కృతమున పరీక్షించి, పండిత యనియు సరస్వతి యనియు బిరుదము లొసగిరి. 1880లో అన్న మరణించెను. ఆ యేడే ఆమె బిపిన్ బిహారీ యను బెంగాలీ న్యాయవాదిని కులాంతర వివాహము చేసికొనెను. 1882లో ఆయనయు కలరాచే మరణించెను. మనోరమ యను పసిబిడ్డతో రమాబాయి పూనాకు వచ్చి ఆర్యమహిళా సమాజమును స్థాపించెను. ఆ యేటనే హంటర్ విద్యాసంఘము ఎదుట సాక్ష్యమిచ్చుచు, బాలికలకు ఉపాధ్యాయినులను శిక్షణమిచ్చి తయారు చేయవలెననియు, స్త్రీలకు వైద్యవిద్య నేర్పవలెననియు కోరెను.

1883లో ఇంగ్లండు పోయి క్రైస్తవమతము స్వీకరించెను. అందుచే నిన్నటి మిత్రులు పలువురు దూరమైరి. 1886లో అమెరికా వెళ్లి, హిందూ స్త్రీల స్థితిని గూర్చి 1887లో ఆంగ్లమున ఒక గ్రంథము ప్రకటించి, దానిని తల్లి లక్ష్మీబాయి స్మృతికి అంకితము చేసెను. 1889లో బొంబాయిలో బాలవితంతువులకై శారదాసదనమును నెలకొల్పెను. మరుసటి యేట అది పూనాకు మాఱెను. బాలికలను క్రైస్తవమున చేర్చుచున్నదను అనుమానముతో 1893లో పలువురు తల్లిదండ్రులు తమ పిల్లలను తీసికొనిపోయిరి. ఆమె మాత్రము సదనమును మూయలేదు.

1896లో మధ్యపరగణాలలో కఱవు వచ్చెను. ఆకలి యెట్టిదో ఎఱిగిన రమాబాయి అచ్చటికి పోయి, కొన్ని వందల బాలికలను తెచ్చి పూనా చెంత కేడ్గాఁవ్‌లో ముక్తిసదనమున చేర్చెను. వారికి అక్షరములతోపాటు నేత, తోటపని, పాడి, అచ్చుపని నేర్పించెను. తన తండ్రి తనకు నేర్పని దానిని ఆ పిల్లలకు నేర్పెను. ఆ అచ్చుకూటమున అక్షరములు కూర్చువారును స్త్రీలే. ఆమె బైబిలును సులభమైన మరాఠీ భాషలోనికి అనువదించు పనిని వృద్ధాప్యమున ఏండ్ల తరబడి సాగించెను. 1921లో మనోరమ మరణించెను. ఆ దుఃఖములోనే పని పూర్తిగావించి, రమాబాయి 1922 ఏప్రిల్ 5వ తేదీన కేడ్గాఁవ్‌లో కన్నుమూసెను.