విద్యాసుందరి బెంగుళూరు నాగరత్నమ్మ

ఈ ఏటి సంచికకు ఏమైనా రాయమని యూనియన్ మిత్రులు అడిగారు. విషయం కూడా వాళ్ళే చెప్పారు. హిజ్రాలు, స్వలింగ ప్రేమికులు తమ హక్కుల కోసం చేస్తున్న ఉద్యమం గురించి, దానికీ కుల నిర్మూలన, స్త్రీ విముక్తి పోరాటాలకూ ఉన్న చుట్టరికం గురించి రాయాలట. సరేనన్నాను. రాయడానికి కూర్చుంటే మాత్రం నా కలం వందేళ్ళు వెనక్కి, ఒక పాటగత్తె దగ్గరికి పోయింది. మిత్రులు మన్నించాలి. ఆమె హిజ్రా కాదు, ఈ ఉద్యమం పేరు కూడా విని ఉండదు. అయినా మన తెలుగు భాషలో ఈ తగువు అచ్చులోకెక్కి పోలీసుల దాకా పోయింది ఆమెతోనే అని నా నమ్మకం.

నాది బీర్కూరు. మంజీర ఒడ్డు. మా దిక్కున పండుగనాడు శివసత్తులు ఊగుతారు. వాళ్ళలో చీర కట్టి, పసుపు పూసుకుని, జుట్టు విరబోసుకున్న మగపుట్టుక వాళ్ళూ ఉంటారు. ఆ పూట వాళ్ళ కాళ్ళమీద నీళ్ళు పోసి మొక్కుతాం. మర్నాడు అదే మనిషి బాన్సువాడ బస్సెక్కితే పక్క సీట్లో కూర్చోం. జోగినుల సంగతీ అంతే. ఉమ్మడి నిజామాబాదు జిల్లాలో ఎన్నో ఊళ్ళలో దళితుల ఇళ్ళలోని ఆడపిల్లలను దేవతకు ఇచ్చి పెళ్ళి చేశామనేవాళ్ళు. ఆ తర్వాత ఆ పిల్ల ఊరందరిదీ. మొక్కడానికి పనికొచ్చే మనిషి బతకడానికి ఎందుకు పనికిరాదన్న ప్రశ్న చిన్నప్పటి నుంచీ నాతో ఉంది. నాగరత్నమ్మ కథ చదివినప్పుడు అదే ప్రశ్న మళ్ళీ ఎదురైంది.

ఆమె 1878లో మైసూరు దగ్గరి నంజనగూడులో పుట్టింది. తల్లి పుట్టలక్ష్మి దేవదాసి కులస్థురాలు. ఆదరించిన వకీలు గారు వదిలేస్తే తల్లి ఒంటరిగా బిడ్డను పెంచింది. ఆస్తి లేదు, అండ లేదు. ఉన్నదల్లా పట్టుదల. కూతురికి సంస్కృతం, తెలుగు, కన్నడం, సంగీతం, నాట్యం చెప్పించింది. పిల్లకు పదిహేనేళ్ళయినా నిండకముందే ఆ తల్లి పోయింది. సంగీతంలో ఆమె గురువు మునుస్వామప్ప గారు వాలాజాపేట సంప్రదాయానికి చెందినవారు, అంటే త్యాగరాజ స్వామి శిష్యపరంపరే. ఈ పరంపర సంగతి గుర్తుంచుకోండి, తర్వాత పనికొస్తుంది.

మైసూరు, బెంగుళూరు, చివరకు మద్రాసు. కచేరీలు, గ్రామఫోను రికార్డులు, సొంత ఇల్లు, నగలు. పెళ్ళి, మొగుడు, ఇంటిపేరు ఏవీ లేకుండా తన సంపాదనతో తాను బతికిన ఆడది. ఆ రోజుల్లో అలా బతకగలిగిన స్త్రీలు ఆ కులంలో తప్ప మరెక్కడున్నారు? చదువూ వాళ్ళకే, ఆస్తిహక్కూ వాళ్ళకే. నింద కూడా వాళ్ళకే. పెద్దమనుషుల ఇళ్ళ పెళ్ళిళ్ళలో మేజువాణికి పిలిచేదీ వాళ్ళనే, తెల్లారి తిట్టేదీ వాళ్ళనే.

మద్రాసులో ఉండగా ఆమెకు ముద్దుపళని పేరు కనిపించింది. పద్దెనిమిదో శతాబ్దంలో తంజావూరును ఏలిన మరాఠా రాజు ప్రతాపసింహుని ఆస్థానంలోని కవయిత్రి ఆమె. తానూ దేవదాసే. ఆమె కావ్యం రాధికా సాంత్వనం. రాధ ఇళను పెంచి పెద్దచేసి, కృష్ణుడికిచ్చి తానే పెళ్ళి చేసి, ఆపైన అసూయతో కుమిలిపోతుంది. కృష్ణుడు వచ్చి ఆమెను బతిమాలుకోవాల్సి వస్తుంది. అలిగేదీ, కావాలని అడిగేదీ, ఇక చాలనేదీ ఆడదే. అంతేకాదు, కావ్యం పీఠికలో ముద్దుపళని తన వంశం చెప్పుకుంటుంది. కవులంతా తండ్రి, తాతలను చెప్పుకునే చోట ఈమె అమ్మమ్మల, అత్తల పేర్లు చెప్పుకుంది.

ఈ పుస్తకాన్ని 1887లో ఒకసారి వెంకటనరసు గారు అచ్చువేశారు, కానీ పీఠిక తీసేసి, కొన్ని పద్యాలు వదిలేసి. నాగరత్నమ్మకు అది సరిపోలేదు. తాళపత్ర ప్రతి సంపాదించి, సరిచూసి, పద్యం వదలకుండా, పీఠికతో సహా పరిష్కరించింది. 1910లో వావిళ్ళవారు అచ్చువేశారు. ఒక భోగం పిల్ల పండితుల పని చేసింది! అసలు నేరం అదేనేమో అని నాకు అనుమానం.

అప్పటికే కందుకూరి వీరేశలింగం పంతులు గారు తమ కవుల చరిత్రలో ముద్దుపళనిని తూర్పారబట్టి ఉన్నారు. ఆడవాళ్ళు చెవిన పడనీయకూడని సంగతులు ఒక ఆడది నోరారా పలికిందని వారి ఆక్షేపణ. పంతులు గారిని తక్కువ చేసి మాట్లాడే అర్హత నాకు లేదు. 1881లో రాజమండ్రిలో తొలి వితంతు వివాహం జరిపించిన మనిషి. వారి దృష్టిలో వేశ్యావ్యవస్థ ఇల్లాలి కన్నీటికి మూలం, అదీ అబద్ధం కాదు. కానీ వారు కోరిన మంచి లోకంలో స్త్రీకి ఒక్కటే చోటు ఉంది, అది ఇల్లాలి చోటు. ఆ చోటులో ఇమడనిది సంస్కరణ పొందాలి, లేదా మాయం కావాలి.

నాగరత్నమ్మ తన ముందుమాటలో జవాబు చెప్పింది. సిగ్గు అనేది ఆడవాళ్ళకు మాత్రమే దేవుడిచ్చిన గుణమా అని అడిగింది. ఇంతకన్న పచ్చిగా మగకవులు రాసినవి పాఠ్యపుస్తకాలు కాలేదా అని అడిగింది. వైజయంతీ విలాసానికి పంతులు గారే ఆమోదం తెలిపిన సంగతి కూడా ఎత్తిచూపింది. మర్యాద తప్పకుండానే, పేరు పెట్టి, ఎదురుగా నిలబడి అడిగింది. ఆంధ్రదేశంలో ఆనాటికి పంతులు గారినంతటి వారిని అలా నిలదీసిన స్త్రీలు ఎందరు?

దానికి ప్రతిఫలం పోలీసు రూపంలో వచ్చింది. 1911లో అశ్లీల గ్రంథమని వావిళ్ళవారి దుకాణంలోని ప్రతులు పట్టుకుపోయారు. పండితులు అర్జీలు పెట్టినా ప్రభుత్వం కరగలేదు. దొరల చట్టం, మన పెద్దల సిగ్గు రెండూ ఒకచోట కలిశాయి.

ఇక్కడ కొంచెం దారి తప్పి మా నైజాం సంగతి ఒకటి చెప్పాలి. సరిగ్గా ఆ కాలంలోనే, 1919లో, ఫసలీ 1329లో, హైదరాబాదు రాజ్యంలో హిజ్రాల మీద ఒక చట్టం వచ్చింది. బ్రిటిషు ఇండియాలో 1871 నాటి నేరస్థ తెగల చట్టంలో ఒక భాగం దీనికి నమూనా. హైదరాబాదు నగరంలోని హిజ్రాల పేర్లతో ఒక రిజిస్టరు పెట్టాలి. అందులో పేరున్నవాళ్ళు ఆడబట్ట కట్టి, నగ పెట్టి వీధిలో కనిపించినా, నలుగురిలో పాడినా ఆడినా వారంటు లేకుండా పట్టుకోవచ్చు, రెండేళ్ళ దాకా జైల్లో పెట్టవచ్చు. అక్కడ ఆడది రాసిన పద్యం నేరం, ఇక్కడ చీర కట్టిన మనిషి పాట నేరం. ఒకే చేతివ్రాత. తేడా ఏమిటంటే నాగరత్నమ్మకు వావిళ్ళవారి అచ్చుయంత్రం ఉంది, హైదరాబాదు హిజ్రాలకు ఏదీ లేదు.

పుస్తకం పోయినా ఆమె కుంగిపోలేదు. బిడారం కృష్ణప్ప గారు తిరువయ్యారు చూసివచ్చి, త్యాగరాజ స్వామి సమాధి పాడుబడి ఉందని ఉత్తరం రాశారని చెబుతారు. 1847లో కాలధర్మం చెందిన మహానుభావుడి సమాధి కావేరి ఒడ్డున పొదల మధ్య మిగిలింది. ఏటేటా ఆరాధన మాత్రం జరుగుతోంది, అదీ రెండు వర్గాలుగా చీలి, పోటాపోటీగా. గోడ కట్టినవాడు లేడు. నాగరత్నమ్మ నగలు అమ్మింది, దాచుకున్నది తీసింది, స్థలం సేకరించింది. 1921లో పునాది వేయించింది, 1925 జనవరిలో గుడి ప్రతిష్ఠ చేయించింది.

గుడి కట్టాక ఏమైందో తెలుసా? అందులో పాడటానికి ఆమెకు వీలులేదన్నారు! రెండు వర్గాలవాళ్ళూ స్త్రీలు పాడరాదన్న మాటమీద మాత్రం ఏకమయ్యారు. పునాది రాయి, సున్నం, మేస్త్రీ కూలీ అన్నీ ఆమెవి. పాట మాత్రం వద్దు. ఆమె గుడి తలుపులు మూయించవచ్చు, కోర్టుకెక్కవచ్చు. ఆమె చేసింది వేరు. దేవదాసీ స్త్రీలను కూడగట్టి, ఆరాధన రోజుల్లోనే వాళ్ళ సొంత సంగీతోత్సవం మొదలుపెట్టింది. మగవాళ్ళ వర్గాలు రెండుంటే ఇది మూడోది, ఆడవాళ్ళ వర్గం. ఆ స్వామి శిష్యపరంపరలో ఆమె కూడా ఉన్నది కదా, ఎవరి అనుమతి కావాలి? ఏళ్ళు గడిచి 1940, 41 నాటికి మూడు వర్గాలూ కలిసి ఒకే ఉత్సవమైంది. ఇవాళ పుష్యబహుళ పంచమినాడు పంచరత్నాలు పాడే ఆ గుంపులో ఆడగొంతులు ఎన్నో లెక్కపెట్టలేం.

ఇంతవరకూ చప్పట్లు కొట్టడం సులువు. ఇక చిక్కు సంగతి.

1927లో డాక్టర్ ముత్తులక్ష్మీ రెడ్డి గారు మద్రాసు శాసనమండలిలో దేవదాసీ దురాచారం మాన్పించాలని తీర్మానం తెచ్చారు. ఆమె తల్లి కూడా ఆ కులంనుంచే వచ్చిన మనిషి, కాబట్టి పరాయిమాట కాదు. మద్రాసు దేవదాసీలు సంఘం పెట్టుకుని దాన్ని ఎదిరించారు. వాళ్ళ ముందువరుసలో నాగరత్నమ్మ ఉంది. మమ్మల్ని అడగకుండా మా గురించి చట్టమా? మా మాన్యాలు, మా విద్య, మా ఆడవారసత్వం ఏం కావాలి? ఇదీ వాళ్ళ వాదన సారాంశం. ఇవాళ ప్రతి ఉద్యమంలోనూ వినిపించే మాట ఇదే. కానీ ఆ అర్జీలో ఇంకో వాదన కూడా ఉంది. మేము వేశ్యలం కాము, మమ్మల్ని వాళ్ళతో కలపకండి అని. అంటే తమకన్న కింద ఉన్నవాళ్ళను అక్కడే వదిలేసి తాము గట్టెక్కాలని.

నాకు ఆమె మీద ఉన్న గౌరవం తగ్గకుండానే ఇక్కడ ఆగిపోతాను. మా బీర్కూరు వైపు జోగినికి మాన్యం లేదు, వీణ లేదు, సంస్కృతం లేదు. మద్రాసు కళావంతుల వాదన ఆమెకు ఏం పనికొస్తుంది? హైదరాబాదులో ఆది హిందూ నాయకుడు భాగ్యరెడ్డి వర్మ గారు దళితుల్లో ఈ ఆచారం పోవాలని తిరిగి తిరిగి చెప్పారంటే, ఆయన చూసింది ఈ జోగినినే. 1947లో మద్రాసులో చట్టమైంది, మన రాష్ట్రానికి 1988లో వచ్చింది. ఆ చట్టాలు కావలసిందే. అయితే ఆచారం రద్దయ్యాక ఆ స్త్రీ ఎలా బతకాలన్నది చట్టం కంటే ఆమెనే ముందు అడగాలి. ఇద్దరి మాటలోనూ సగం నిజం ఉంది. పాపం, ఆ రెండు సగాలూ ఆ రోజుల్లో కలవలేదు.

నేటి హిజ్రా, ట్రాన్స్‌జెండర్ ఉద్యమాన్ని నేను ఈ కొలతతోనే చూస్తాను. 2014లో సుప్రీంకోర్టు వాళ్ళ ఉనికిని గుర్తించింది, 2018లో స్వలింగ ప్రేమ నేరం కాదంది. ఆ 1919 చట్టం మాత్రం నిజాం పోయినా, రాష్ట్రాలు మారినా పుస్తకాల్లో అలాగే కూర్చుంది. దాన్ని వైజయంతి వసంత మొగ్లి గారు హైకోర్టులో సవాలు చేశారు. 2023 జూలైలో తెలంగాణ హైకోర్టు దాన్ని కొట్టివేసింది. అంతటితో ఆగలేదు, ట్రాన్స్‌జెండర్ వ్యక్తులకు ఆసరా పెన్షను, రిజర్వేషను సంగతి కూడా చూడమంది. బట్ట కట్టుకునే హక్కుతో పాటు తిండి సంగతి కూడా అడిగారన్నమాట. భిక్షాటన చేసే హిజ్రాను, ఒళ్ళమ్ముకునే ఆడదాన్ని, వెలివాడ పిల్లను వదిలేసి మేము వాళ్ళలాంటివాళ్ళం కాదని చెప్పి గెలవాలనుకుంటే అది నాగరత్నమ్మ చేసిన పొరపాటే మళ్ళీ చేయడం. ఈ ఉద్యమంలో గట్టివాళ్ళు ఆ దారి పట్టలేదు, దళిత సంఘాలతో, స్త్రీల సంఘాలతో కలిసి నడుస్తున్నారు.

ముద్దుపళని పుస్తకం మీది నిషేధం 1947లో, టంగుటూరి ప్రకాశం పంతులు గారి చొరవతో తొలగింది. 1952లో మళ్ళీ అచ్చయింది. తర్వాత 1991లో సూసీ తారు, కె. లలిత హైదరాబాదులో ఉండి కూర్చిన భారతీయ స్త్రీల రచనల సంకలనంతో ఈ కథంతా ప్రపంచానికి తెలిసింది. మన తెలుగు ఎం.ఏ. సిలబస్‌లో ఉండాల్సింది మనకు ఇంగ్లీషు దారిన తిరిగి రావడం కొంచెం సిగ్గుచేటే.

నాగరత్నమ్మ చివరి రోజులు తిరువయ్యారులోనే గడిపింది. ఉన్న ఆస్తి సమాధి సేవకే రాసిచ్చింది. 1952 మే 19న పోయింది. త్యాగరాజ స్వామి సమాధికి దగ్గర్లోనే ఆమె సమాధి కట్టారు. అక్కడ రాతిబొమ్మగా చేతులు జోడించి, ఒకప్పుడు తనను పాడనివ్వని ఆ గుడి వైపు చూస్తూ కూర్చుని ఉంటుంది.