చేతిలో మాటలు రాసిన గురువు

హెలెన్ కెల్లర్ పేరు తెలియని క్రైస్తవ కుటుంబం అరుదు. సండేస్కూల్లోనో బడి పుస్తకంలోనో ఆమె కథ మనమంతా విన్నదే. కానీ ఆ కథలో హెలెన్ కంటే ముందు మనం తెలుసుకోవాల్సిన మనిషి ఒకరున్నారు. ఆమె ఆన్ సలివన్.

1866 ఏప్రిల్ 14న అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రంలో, ఐర్లాండ్ నుంచి వలస వచ్చిన నిరుపేదల ఇంట ఆన్ పుట్టింది. ఐదేళ్ల ప్రాయంలో ట్రకోమా అనే కంటిజబ్బు ఆమె చూపును చాలావరకు హరించింది. ఎనిమిదేళ్లకు తల్లి పోయింది. తండ్రి పట్టించుకోలేదు. 1876లో ఆమెను, నడవలేని తమ్ముడిని ట్యూక్స్‌బరీలోని పేదల ఆశ్రమానికి పంపేశారు. కొద్ది నెలలకే తమ్ముడు అక్కడే కన్నుమూశాడు. రోగులు, మతిస్థిమితం లేనివారు, దిక్కులేని ముసలివారు కలిసి బతికే ఆ చోట ఆ పిల్ల నాలుగేళ్లు గడిపింది. తనిఖీకి వచ్చిన పెద్దల వెంటపడి, బడికి పంపమని బతిమాలుకుంది. 1880లో పద్నాలుగేళ్ల వయసులో బోస్టన్‌లోని పెర్కిన్స్ అంధుల పాఠశాలలో అడుగుపెట్టేనాటికి ఆమెకు చదవడం, రాయడం రాదు. ఆరేళ్ల తర్వాత తరగతిలో అందరికంటే ముందు నిలిచి చదువు ముగించింది.

ఆ బడిలోనే లారా బ్రిడ్జ్‌మన్ అనే పెద్దావిడ ఉండేది. చూపూ వినికిడీ రెండూ లేని ఆమెతో మాట్లాడాలంటే వేళ్లతో ఒక్కొక్క అక్షరాన్నీ ఆమె అరచేతిలో గుర్తుగా పెట్టాలి. ఆమెతో మాట్లాడటం కోసం ఆన్ ఆ వేళ్ల అక్షరమాల నేర్చుకుంది. అదే ఒకరోజు తన జీవితపు పని అవుతుందని అప్పుడామెకు తెలియదు.

1887 మార్చి 3న ఆన్ అలబామాలోని టస్కంబియాకు చేరింది. హెలెన్‌కు అప్పటికి ఇంకా ఏడేళ్లు నిండలేదు. పంతొమ్మిది నెలల వయసులో వచ్చిన జబ్బు ఆమె చూపునూ వినికిడినీ తీసుకుపోయింది. అయినా ఆ పిల్లకు భాష బొత్తిగా లేదనుకుంటే పొరపాటు. తనకు తానే కల్పించుకున్న సైగలు పదుల సంఖ్యలో ఉండేవి. వాటిని బాగా అర్థం చేసుకున్నది వంటమనిషి కూతురు. మిగతావాళ్లకు అర్థంకానప్పుడు హెలెన్ కిందపడి దొర్లేది, కొట్టేది. కొత్త టీచరమ్మకు ఒక పన్ను కూడా ఊడగొట్టింది!

నీళ్ల పంపు దగ్గర జరిగిన సంగతి లోకమంతటికీ తెలుసు. ఏప్రిల్ 5న ఒక చేతిమీద నీళ్లు పారుతుండగా మరో చేతిలో ఆన్ నీళ్లు అనే మాటను అక్షరం అక్షరంగా పెట్టింది. ప్రతి వస్తువుకూ ఒక పేరుందని హెలెన్‌కు ఆ క్షణాన తెలిసింది. కానీ ఆ తర్వాతి వారంలో జరిగినదే అసలైన మలుపని మేమంటాం. హెలెన్ బంధువుల ఇంట్లో ఒక పసిబిడ్డను ఆన్ గమనించింది. ఆ బిడ్డ ఇంకా సరిగా మాట్లాడదు, అయినా ఇంటిల్లిపాదీ దానితో మాట్లాడుతూనే ఉన్నారు. దాంతో ఆన్ గంటలు కట్టి చెప్పే పాఠాలు మానేసింది. పిల్లకు అర్థమవుతుందో లేదో చూడకుండా, నిండు వాక్యాలను రోజంతా ఆమె చేతిలో పెడుతూ పోయింది. జవాబు వచ్చాక మాట్లాడదామని కాచుకోలేదు.

ఈనాడు మాట రాని పిల్లలకు సాయపడే నిపుణులు చెప్పేదీ దాదాపు ఇదే. బొమ్మల అట్ట పిల్లవాడి ముందు పెట్టి ఊరుకుంటే చాలదు. మనం మాట్లాడుతూ మనమూ ఆ బొమ్మలను తాకి చూపాలి. బొమ్మలు అలవాటైతే నోటిమాట రాదని తల్లులు భయపడతారు. పరిశోధనలు ఆ భయాన్ని సమర్థించలేదు.

నల్గొండ, మహబూబ్‌నగర్ మెట్ట పల్లెల్లోనూ ఇలాంటి సైగలున్నాయి. సెరిబ్రల్ పాల్సీ, ఆటిజం, డౌన్ సిండ్రోమ్ ఉన్న పిల్లలు కొంగు లాగితే ఒకటి, గడప వైపు చూస్తే మరొకటి. అవి అమ్మకే తెలుసు. ఆ అమ్మ పని కోసం ముంబైకో పుణేకో వలసపోతే పిల్ల నానమ్మ దగ్గర ఉండిపోతుంది. సైగల అర్థం నానమ్మకు చెప్పి వెళ్లకపోతే, ఆ పిల్ల భాష కూడా అమ్మతోపాటే బస్సెక్కేసినట్టే. కడుపునొప్పని చెప్పలేక ఏడిస్తే మొండిదంటారు, ఒక దెబ్బ వేస్తారు. ఏ సైగకు ఏ అర్థమో ఒక నోటుపుస్తకంలో రాసిపెట్టడానికి డాక్టరక్కర్లేదు. సంఘంలో అక్షరం వచ్చిన ఏ యువకుడైనా ఆ పని చేయగలడు. నిపుణుల సలహాకు మండలాల్లోని భవిత కేంద్రాలున్నాయి, సికింద్రాబాద్ మనోవికాస్‌నగర్‌లో 1984లో మొదలైన జాతీయ సంస్థ ఉంది. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం కూడా సైగలను, బ్రెయిలీని, ఇతర ప్రత్యామ్నాయ పద్ధతులను మాటతో సమానంగా సంభాషణగానే లెక్కించింది.

ప్రతి బిడ్డా హెలెన్ కెల్లర్ అవుతాడని మేము చెప్పడం లేదు. హెలెన్ తెలివికి లోపం లేదు. ఆమెతో పోల్చి తల్లిదండ్రుల మీద కొత్త బరువు మోపడం అన్యాయం. నొప్పి ఎక్కడో చూపగలిగినా, అన్నం వద్దనగలిగినా, అదీ మాటే. మాట పడిపోయిన జెకర్యాకు పలక ఇచ్చారు. మార్కు 7వ అధ్యాయంలో చెవుడు, నత్తి ఉన్న మనిషిని ప్రభువు జనంలోంచి పక్కకు తీసుకువెళ్లి, ముందు అతని చెవులనూ నాలుకనూ తాకాడు. నోటిమాట ఆ తర్వాతే.

ఆన్ పెద్దగా భక్తిపరురాలు కాదు. పాస్టర్లమైన మేము దాన్ని దాచనక్కర్లేదు. హెలెన్ దేవుని గురించి అడగడం మొదలుపెట్టినప్పుడు బోస్టన్ బోధకుడు ఫిలిప్స్ బ్రూక్స్ ఆమెకు ఓపికగా వివరించాడు. ఆన్ మాత్రం తన పని తాను చేసుకుపోయింది. రాడ్‌క్లిఫ్ కాలేజీలో పక్కన కూర్చుని అధ్యాపకుల ప్రసంగాలను హెలెన్ చేతిలోకి చేర్చింది. మసకబారుతున్న తన కళ్లతోనే ఆమె కోసం పుస్తకాలు చదివింది. 1904లో హెలెన్‌కు పట్టా వచ్చింది. ఆన్ చూపు మాత్రం చివరి సంవత్సరాల్లో దాదాపు పూర్తిగా పోయింది. 1936 అక్టోబర్ 20న ఆమె మరణించేటప్పుడు హెలెన్ ఆమె చేయి పట్టుకుని ఉంది. ఆన్ చితాభస్మాన్ని వాషింగ్టన్‌లోని జాతీయ కథెడ్రల్‌లో ఉంచారు. 1968లో హెలెన్ చితాభస్మాన్ని ఆ పక్కనే ఉంచారు.