జోసెఫ్ హోల్టు

న్యాయస్థానములు తెఱచియుండగా పౌరుని సేనాధికారుల యెదుట నిలిపి విచారించుట ధర్మమగునా? అమెరికాలో ఈ ప్రశ్నతో విడదీయరాని పేరు జోసెఫ్ హోల్టు.

ఈయన 1807 జనవరి 6వ తేదీన కెంటకీ రాష్ట్రమున జనించెను. న్యాయవాదియై, యౌవనమున లూయివిల్ నగరమందు ప్రభుత్వపక్షమున నేరాభియోగములు నడుపు ఉద్యోగమును నిర్వహించెను. బుకానన్ అధ్యక్షుని కాలమున తపాలామంత్రియై, 1861 జనవరిలో యుద్ధమంత్రి యయ్యెను. దక్షిణ రాష్ట్రములు విడిపోవుచున్న ఆ దినములలో, బానిసత్వము చెల్లుచుండిన సీమలో బుట్టియు, ఈయన సమైక్యరాజ్య పక్షముననే దృఢముగ నిలిచెను. 1862 సెప్టెంబరులో లింకను ఈయనను సేనాన్యాయశాఖకు అధిపతిగా నియమించెను.

1865 ఏప్రిలులో లింకను హత్య గావింపబడెను. నిందితులు ఎనమండ్రు. సర్వసేనాధిపతి యుద్ధకాలమున చంపబడెనను కారణమున ప్రభుత్వమువారు వీరిని తొమ్మండ్రు సేనాధికారుల సంఘమునకు అప్పగించిరి. అభియోగమును నడిపినవాడు హోల్టు. ఆనాటి సేనావిచారణ పద్ధతిలో అభియోక్తయే తీర్పరులకు సలహాదారు. తీర్పు నాలోచించు ఏకాంత సమావేశమునను అతనికి ప్రవేశము గలదు. దక్షిణ ప్రభుత్వాధ్యక్షుడు డేవిసునకు ఈ కుట్రలో భాగము కలదని చెప్పిన ముఖ్యసాక్షి కూటసాక్షియని పిమ్మట తేలెను.

జులై 7వ తేదీన నలుగురిని ఉరితీసిరి. అందొకతె మేరీ సరాట్ అను వితంతువు. ఆమె వయస్సును, స్త్రీత్వమును దలచి దయచూపవలసినదని తొమ్మండ్రలో ఐదుగురు వ్రాసియిచ్చిరి. తీర్పు కాగితములను అధ్యక్షుడు జాన్సనుకడకు గొనిపోయినవాడును హోల్టే. ఆ విన్నపము తాను చూడలేదని జాన్సను, చూపితినని హోల్టు వాదించిరి. 1873లో హోల్టు తన సమర్థనమును ప్రకటించెను. వివాదము మాత్రము తీఱలేదు.

1866లో మిల్లిగన్ అభియోగమున, న్యాయస్థానములు పనిచేయుచున్నచోట పౌరులను సేనాసంఘములు విచారింపరాదని అత్యున్నత న్యాయస్థానము తీర్పు చెప్పెను. మేరీ కుమారుడు జాను 1867లో సాధారణ న్యాయస్థానమున విచారింపబడెను. జ్యూరీవారికి ఏకాభిప్రాయము కుదరలేదు. తుదకాతడు విడుదల నొందెను. తల్లికి ఆ యవకాశమే లేకపోయెను.

హోల్టు 1875లో ఉద్యోగము విరమించి, 1894 ఆగస్టు 1వ తేదీన వాషింగ్టనులో మరణించెను. ఆయన దేశభక్తి నిక్కమైనదే. కాని అభియోగమును, సలహాను, క్షమావిన్నపమును ఒక్కచేతనే యుంచిన పద్ధతిలో, ఆ చేయి యెంత నిర్మలమైనదైనను నిందితునకు రక్షణ యుండదు. ఆ చేతికిని నింద తప్పదు.